రక్తంలో ప్రోటీన్ తగ్గితే ఏం చేయాలి: హెచ్ఐవీ మందులు వాడుతున్నవారికి మెట్టుమెట్టుగా

బరంపురంలో గానీ పర్లాకిమిడిలో గానీ రక్తపరీక్ష చేయించుకున్నాక "ప్రోటీన్ తక్కువుంది" అన్న మాట చెవిన పడగానే మనవాళ్లు చేసే మొదటి పని మందుల షాపుకెళ్లి ప్రోటీన్ పొడి డబ్బా కొనడం. హెచ్ఐవీ ఉన్నవారి విషయంలో అది చివర చేయాల్సిన పని. చాలామందికి దాని అవసరమే పడదు. ఆ అంకె తగ్గడానికి తిండి చాలకపోవడం ఒక్కటే కారణం కాదు. ఒంట్లో ఎక్కడో టీబీ దాగి ఉండొచ్చు, మూత్రంలో ప్రోటీన్ పోతూ ఉండొచ్చు, కాలేయం దాన్ని తయారు చేయలేక సతమతమవుతూ ఉండొచ్చు. ఆ కారణం పట్టుకోకుండా పొడి తాగడం చిల్లికుండలో నీళ్లు పోయడమే.

గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్, మల్కనగిరి జిల్లాల్లో ఉన్న తెలుగు కుటుంబాలను మనసులో పెట్టుకుని ఇది రాస్తున్నాను. మనకు రిపోర్టు ఇంగ్లీషులో వస్తుంది, డాక్టరు ఒడియాలో చెబుతారు, ఇంట్లో దాన్ని తెలుగులో అర్థం చేసుకోవాలి. ఆ మధ్యలో జారిపోయేవి చాలా ఉంటాయి.

ముందు రిపోర్టు సరిగ్గా చదవండి

'లివర్ ఫంక్షన్ టెస్ట్' అని ఉన్న కాగితం తీయండి. అందులో నాలుగు వరసలు మనకు కావాలి: టోటల్ ప్రోటీన్, అల్బుమిన్ (కాలేయం తయారు చేసే ముఖ్యమైన రక్తప్రోటీన్), గ్లోబ్యులిన్ (యాంటీబాడీల్లాంటి మిగతా ప్రోటీన్లు), ఏ/జీ రేషియో (అల్బుమిన్‌ను గ్లోబ్యులిన్‌తో భాగిస్తే వచ్చే అంకె). పెద్దవాళ్లకు డెసీలీటరు (100 మిల్లీలీటర్లు) రక్తంలో టోటల్ ప్రోటీన్ సుమారు 6 నుంచి 8.3 గ్రాములు, అల్బుమిన్ 3.5 నుంచి 5 గ్రాములు, గ్లోబ్యులిన్ 2 నుంచి 3.5 గ్రాములు ఉంటే మామూలే. ల్యాబును బట్టి కాస్త తేడా ఉంటుంది కాబట్టి మీ కాగితం మీద పక్కన అచ్చువేసిన హద్దులనే పట్టించుకోండి. కొన్ని ల్యాబులు లీటరు లెక్కలో ఇస్తాయి. అల్బుమిన్ 32 అని కనబడితే పదితో భాగించండి, 3.2 అన్నమాట.

హెచ్ఐవీలో ఒక మెలిక ఉంది. టోటల్ ప్రోటీన్ బాగానే కనబడుతూ అల్బుమిన్ మాత్రం పడిపోయి ఉండొచ్చు. వైరస్ అదుపులో లేనప్పుడు రోగనిరోధక వ్యవస్థలోని బి కణాలు ఊరికే రెచ్చిపోయి యాంటీబాడీలను కుప్పలు తెప్పలుగా తయారు చేస్తాయి. అవన్నీ గ్లోబ్యులిన్ లెక్కలోకి వస్తాయి. ఉదాహరణకు టోటల్ ప్రోటీన్ 8.2 ఉందనుకోండి. అల్బుమిన్ 2.8 అయితే మిగిలిన 5.4 గ్లోబ్యులినే, ఏ/జీ రేషియో సగానికి దగ్గర. పై వరస ఒక్కటే చూసినవాళ్లు "అన్నీ నార్మలే" అని కాగితం మడిచి పెట్టేస్తారు. అసలు చూడాల్సింది అల్బుమిన్. యాంటీబాడీలు అన్నేసి ఉన్నాయి కదా, ఒంట్లో శక్తి ఎక్కువుందేమో అనుకోకండి. వాటిలో చాలావరకు గురి లేనివి. మందులు పనిచేసి వైరస్ అణిగాక నెలలు గడిచేకొద్దీ గ్లోబ్యులిన్ కిందికి వస్తుంది. రాకుండా అక్కడే ఉండిపోతే డాక్టరు టీబీ లాంటి ఇన్ఫెక్షన్ల కోసం వెతుకుతారు, ప్రోటీన్ ఎలక్ట్రోఫోరెసిస్ అనే పరీక్ష కూడా రాయొచ్చు.

అల్బుమిన్, గ్లోబ్యులిన్ రెండూ తగ్గి ఉంటే ఆలోచన పేగుల వైపు, చాలాకాలంగా సరైన తిండి లేకపోవడం వైపు మళ్లుతుంది.

ఇంకో మూడు సంగతులు. గర్భిణులకు రక్తం పలచబడి అల్బుమిన్ సహజంగానే కొంత తగ్గుతుంది. సెలైన్ ఎక్కుతున్న చేతి నుంచే రక్తం తీస్తే అంకె తప్పుగా తక్కువ వస్తుంది. అల్బుమిన్ తక్కువున్నప్పుడు రక్తంలో మొత్తం కాల్షియం కూడా తక్కువగా కనబడుతుంది, ఎందుకంటే కాల్షియంలో దాదాపు సగం ప్రోటీన్లను, ముఖ్యంగా అల్బుమిన్‌ను, పట్టుకునే తిరుగుతుంది. దాన్ని చూసి వెంటనే కాల్షియం మాత్రలు మొదలుపెట్టకండి. ఎందుకో కింద చెబుతాను.

అల్బుమిన్ ఏం చెబుతుంది

కాలేయం రోజుకు 10 నుంచి 15 గ్రాముల అల్బుమిన్ తయారు చేస్తుంది. ఒకసారి తయారైనది రక్తంలో వారాల తరబడి ఉంటుంది, సగం కరగడానికే దాదాపు 20 రోజులు పడుతుంది. ఇవాళ రెండు గుడ్లు ఎక్కువ తింటే ఎల్లుండికి పెరిగిపోయేది కాదు.

కానీ పడిపోవడం మాత్రం త్వరగా పడిపోతుంది. ఒంట్లో ఇన్ఫెక్షన్ చేరగానే కాలేయం అల్బుమిన్ తయారీని పక్కన పెట్టి, పోరాటానికి కావాల్సిన వేరే ప్రోటీన్ల మీద పడుతుంది. రక్తనాళాల్లో ఉన్న అల్బుమిన్ కూడా కొంత బయటి కణజాలంలోకి జారుకుంటుంది. అందుకే కడుపునిండా తింటున్నవాళ్లలో కూడా జ్వరం వచ్చిన వారానికే అంకె దిగుతుంది. పోషకాహార నిపుణులు ఇప్పుడు అల్బుమిన్‌ను తిండి కొలిచే సాధనంగా కాక, జబ్బు ఎంత ముదిరిందో చెప్పే గుర్తుగానే చూస్తున్నారు.

ఆ గుర్తును తేలిగ్గా తీసుకోకూడదు. అమెరికాలో హెచ్ఐవీ ఉన్న స్త్రీలను ఏళ్ల తరబడి గమనించి 2003లో ప్రచురించిన అధ్యయనంలో, సీడీ4 (హెచ్ఐవీ దెబ్బతీసే రోగనిరోధక కణాల లెక్క), వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంతుందో చెప్పే లెక్క) ఒకేలా ఉన్నవారిలో కూడా అల్బుమిన్ తక్కువున్నవారికే ప్రాణాపాయం ఎక్కువని తేలింది. అంటే సీడీ4 చెప్పని కబురు కూడా ఈ అంకె చెబుతుంది.

ఎక్కడ పోతోందో వెతకండి

ఈ మెట్టు దగ్గరే తొందరపడకూడదు. ఏఆర్టీ (హెచ్ఐవీని అణిచే మందుల వైద్యం) సెంటర్‌కి మీ గ్రీన్ బుక్ (అక్కడ ఇచ్చే వైద్యం పుస్తకం), రిపోర్టు రెండూ పట్టుకెళ్లండి. బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీలో ఏఆర్టీ సెంటర్ ఉంది, దూరపు ఊళ్లవాళ్లకు దగ్గర్లో ఉన్న లింక్ సెంటర్‌లో మందులు అందుతాయి. ఒడిశా ప్రభుత్వ ఆసుపత్రుల్లో నిదాన్ పథకం కింద పరీక్షలు, నిరామయ పథకం కింద మందులు ఉచితం. బయట ల్యాబుకి పరుగెత్తే ముందు అక్కడ ఏమేం చేస్తారో అడగండి.

మొట్టమొదట టీబీ. ఏఆర్టీ సెంటర్‌లో ప్రతిసారీ అడిగే నాలుగు ప్రశ్నలున్నాయి: దగ్గుందా, జ్వరముందా, బరువు తగ్గారా, రాత్రిళ్లు చెమటలు పడుతున్నాయా. చాలామంది అలవాటుగా "లేదు, లేదు" అనేస్తారు. అలా అనకండి. హెచ్ఐవీ ఉన్నవారికి టీబీ ఊపిరితిత్తుల్లోనే రావాలని లేదు, మెడ గడ్డల్లో, పొట్టలో, ఊపిరితిత్తుల పొర కింద కూడా వస్తుంది, దగ్గే ఉండకపోవచ్చు. కారణం తెలియకుండా అల్బుమిన్ పడిపోయి బరువు తగ్గుతోందంటే కళ్లె పరీక్ష, ఎక్స్‌రే, అవసరమైతే పొట్ట స్కానింగ్ చేయించాల్సిందే. టీబీ తేలితే రిఫాంపిసిన్ ఉన్న మందులు ఇస్తారు. అప్పుడు హెచ్ఐవీ మాత్రలో ఉండే డొల్యూటెగ్రావిర్ అనే మందు మోతాదు రోజుకు ఒకసారి కాకుండా ఉదయం ఒకటి, రాత్రి ఒకటి 50 మిల్లీగ్రాముల చొప్పున వేసుకోవాలి. టీబీ మందులు ఒకచోట, హెచ్ఐవీ మందులు ఇంకోచోట తెచ్చుకునేవారు ఈ సంగతి రెండు చోట్లా చెప్పి తీరాలి. టీబీ లేదని తేలినవారికి అది రాకుండా ముందే వాడే మందుల కోర్సు ఉంటుంది. అది మీరు పూర్తి చేశారో లేదో పుస్తకంలో చూసుకోండి.

తర్వాత వైరస్ సంగతి. మందులు మొదలుపెట్టి ఆరు నెలలు దాటినా అల్బుమిన్ పెరగకపోతే వైరల్ లోడ్ చూడాలి. మధ్యలో మాత్రలు మానేసిన రోజులుంటే దాచకుండా చెప్పండి. హెచ్ఐవీ పేగుల గోడల్లోని సీడీ4 కణాలను మొదట్లోనే దెబ్బతీస్తుంది. గోడ పలచబడి, పేగుల్లోని సూక్ష్మజీవుల తాలూకు పదార్థాలు రక్తంలోకి చేరి ఒళ్లంతా ఎప్పుడూ లోలోపల రగులుతూనే ఉంటుంది. ఆ రగులుడు తగ్గనిదే కాలేయం మళ్లీ అల్బుమిన్ మీద దృష్టి పెట్టదు. ఈ మొత్తం వ్యవహారంలో అల్బుమిన్‌ను పెంచే అసలు మందు ఏఆర్టీయే అని నా అభిప్రాయం. మిగతావన్నీ దానికి తోడు.

మూడోది మూత్రం. ఖర్చు పెద్దగా లేని పరీక్ష, కానీ అడిగేవాళ్లే తక్కువ. ఉదయం మొదటి మూత్రంలో ప్రోటీన్ ఉందేమో చూపించుకోండి. మూత్రం నురగ కట్టి చాలాసేపు అలాగే ఉంటే, నిద్ర లేచేసరికి కళ్ల చుట్టూ వాపుంటే మూత్రపిండాల మీద అనుమానం పడాలి. హెచ్ఐవీ వైరసే మూత్రపిండాన్ని దెబ్బతీయగలదు, షుగరు, బీపీ కూడా తీస్తాయి, అరుదుగా హెచ్ఐవీ మాత్రలోనే ఉండే టెనోఫోవిర్ అనే మందు వల్ల కూడా ప్రోటీన్ పోతుంది. మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష అందుకే ఎప్పటికప్పుడు చేస్తారు. ఇక్కడ ఒక మాట: డొల్యూటెగ్రావిర్ మొదలుపెట్టిన తొలి వారాల్లో మూత్రపిండానికి ఏ హానీ లేకుండానే క్రియాటినిన్ కాస్త పెరిగినట్టు కనబడుతుంది. దాన్ని చూసి భయపడి మాత్ర ఆపినవాళ్లున్నారు. ఆపాలో వద్దో డాక్టరు చెప్పాలి.

నాలుగోది పేగులు. రెండు వారాలు దాటిన విరేచనాలను "నీళ్లు పడలేదు" అని తోసేయకండి. సీడీ4 తక్కువున్నవారికి మామూలు మలపరీక్షలో చిక్కని పరాన్నజీవులు ఉంటాయి, వాటికి ప్రత్యేకంగా రంగు వేసి చూడాలి. మన జిల్లాల్లో వట్టి కాళ్లతో వరిమళ్లలో, పోడు చేలల్లో తిరిగేవారికి కొంకి పురుగులు పట్టడం కొత్త కాదు. అవి రక్తాన్ని, దాంతోపాటు ప్రోటీన్‌నూ పీలుస్తాయి. అల్బెండజోల్ 400 మిల్లీగ్రాముల మాత్రతో పోయే బాధ అది.

ఐదోది కాలేయం. హెపటైటిస్ బి, సి పరీక్షలు ఒక్కసారైనా అయ్యాయా చూసుకోండి. హెపటైటిస్ బి ఉన్నవారికి టెనోఫోవిర్, లామివుడిన్ రెండు రోగాల మీదా పనిచేస్తాయి, అందుకే చెప్పకుండా ఆపితే కాలేయం ఒక్కసారిగా దెబ్బతినొచ్చు. ఇక తాగుడు. ఇప్పసారా అయినా, జీలుగు కల్లయినా, షాపులో సీసా అయినా కాలేయానికి తేడా తెలియదు. పొట్ట ఉబ్బి, కాళ్లు వాచి, అల్బుమిన్ 3 కంటే కిందకి పోయినవారికి "కొంచెం తగ్గించు" అనడం సరిపోదు, పూర్తిగా మానాల్సిందే.

మలేరియా గురించి కొండప్రాంతం వాళ్లకు నేను చెప్పక్కర్లేదు. జ్వరముంటే రక్తం చుక్క పరీక్ష చేయించండి, జ్వరం తగ్గి రెండు మూడు వారాలయ్యాకే అల్బుమిన్ మళ్లీ చూపించుకోండి.

మాత్రలకీ టానిక్‌లకీ మధ్య గొడవ

మన దేశంలో ఇప్పుడు ఎక్కువమంది వాడుతున్న ఒకే మాత్రలో టెనోఫోవిర్ 300, లామివుడిన్ 300, డొల్యూటెగ్రావిర్ 50 మిల్లీగ్రాములు ఉంటాయి. ఈ డొల్యూటెగ్రావిర్ కాల్షియం, ఇనుము, జింక్, మెగ్నీషియం, అల్యూమినియం వంటి లోహాలతో కడుపులో కలిస్తే వాటికి అతుక్కుపోయి రక్తంలోకి సరిగ్గా చేరదు. షాపులో దొరికే ప్రోటీన్ పొడుల్లో చాలావాటిలో ఈ ఖనిజాలు కలిపే ఉంటాయి. గ్యాస్‌కు తాగే గులాబీరంగు మందులోనూ, రక్తం పట్టడానికి ఇచ్చే మాత్రలోనూ అవే ఉంటాయి.

పద్ధతి ఇలా పెట్టుకోండి. హెచ్ఐవీ మాత్ర వేసుకున్న 2 గంటల తర్వాత గానీ, లేదా అది వేసుకోవడానికి 6 గంటల ముందు గానీ వీటిని తీసుకోండి. కాల్షియం, ఇనుము మాత్రలనైతే భోజనంతోపాటు హెచ్ఐవీ మాత్రతో కలిపి వేసుకోవచ్చు, ఖాళీ కడుపుతో మాత్రం కలపకూడదు. గ్యాస్ మందుకు ఈ మినహాయింపు లేదు. రోజుకు ఒక్కసారే వేసుకునేవారికి సులువైన దారి: హెచ్ఐవీ మాత్ర రాత్రి పడుకునే ముందు, మిగతావన్నీ ఉదయం.

సీడీ4 350 కంటే తక్కువున్నవారికి కోట్రిమోక్సజోల్ మాత్ర రాస్తారు. కొన్ని ప్రాణాంతక ఇన్ఫెక్షన్లను అడ్డుకునే మాత్ర అది. ఒళ్లు బాగుందని సొంతంగా ఆపేయకండి.

తిండి: ముందు అన్నం, తర్వాత ప్రోటీన్

విడ్డూరంగా అనిపించినా ఇదే సరైన వరస. ఒంటికి కావాల్సినంత శక్తి అన్నం, రొట్టె, నూనెల నుంచి రాకపోతే, తిన్న పప్పునీ గుడ్డునీ శరీరం కట్టెల్లా కాల్చేస్తుంది, కండకీ అల్బుమిన్‌కీ మిగలదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం హెచ్ఐవీ ఉండి ఏ లక్షణాలూ లేని పెద్దవారికి మామూలు కంటే 10 శాతం, జబ్బు లక్షణాలున్నవారికి 20 నుంచి 30 శాతం ఎక్కువ శక్తి కావాలి. హెచ్ఐవీ ఉందన్న ఒక్క కారణంతో ప్రోటీన్ విపరీతంగా పెంచాలని ఆ సంస్థ చెప్పలేదు.

మన జాతీయ పోషకాహార సంస్థ 2020లో చెప్పిన మోతాదు కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాములు. 50 కిలోల మనిషికి సుమారు 42 గ్రాములు. జబ్బు చేసి బరువు తగ్గి కోలుకుంటున్నవారికి డాక్టర్లు సాధారణంగా కిలోకి 1.2 నుంచి 1.5 గ్రాముల దాకా చెబుతారు, అంటే అదే మనిషికి 60 నుంచి 75 గ్రాములు. మూత్రపిండాలు దెబ్బతిన్నవారు మాత్రం డాక్టరుని అడగకుండా పెంచకూడదు.

రేషన్ బియ్యం ఇంట్లో ఉంటాయి, లోటు పప్పుదే. ఉదయం చోడి అంబలి పెరుగు కలిపి, పక్కన గుప్పెడు వేయించిన వేరుశనగ గుళ్లు: పది పన్నెండు గ్రాములు వస్తాయి. మధ్యాహ్నం అన్నంలోకి ముద్దపప్పు గానీ, ఒడియా ఇళ్లలోలాగా కూరగాయలు వేసిన దాల్మా గానీ, ఉడికించిన గుడ్డొకటి: ఇరవై నాలుగు దాకా. సాయంత్రం ఉడకబెట్టిన ఉలవలో శనగలో చిన్న గిన్నెడు: ఆరేడు. రాత్రికి చేపముక్క రెండు, లేదా శాకాహారులైతే మీల్ మేకర్ కూర: అన్నంతో కలిపి పదిహేడు పద్దెనిమిది. మొత్తం అరవైకి అటూఇటూ అవుతుంది. మీల్ మేకర్ వంద గ్రాములకు 50 గ్రాముల పైన ప్రోటీన్ ఇస్తుంది, అంత చవకగా ఇచ్చేది అంగట్లో ఇంకొకటి కనబడదు. సంతలో ఒడియాలో అడగాలంటే ఉలవలు కొలథ, చోళ్లు మాండియా, కందిపప్పు హరడ డాలి.

ఎండుచేపలు కూడా మంచివే, కానీ ఉప్పు ఎక్కువ. కాళ్లు వాచి ఉన్నప్పుడు వాటినీ, ఆవకాయనూ పక్కన పెట్టండి.

చద్దన్నం, పఖాళ మానమని చెప్పను, చెప్పినా వినరు. కాచి చల్లార్చిన నీళ్లలోనే అన్నం నానబెట్టండి, మూత పెట్టండి, పొద్దున్నే తినేయండి, మధ్యాహ్నం దాకా ఉంచకండి. సీడీ4 200 కంటే తక్కువుండి విరేచనాలు కూడా ఉంటే ఆ కొన్నాళ్లూ వేడన్నమే తినండి. పచ్చిగుడ్డు, కాచని పాలు, సగం ఉడికిన మాంసం వద్దు.

ఇంట్లో హెచ్ఐవీ ఉన్న పిల్లలుంటే వాళ్ల లెక్క వేరు. బరువు తగ్గుతున్న పిల్లలకు శక్తి 50 నుంచి 100 శాతం ఎక్కువ కావాలి. అంగన్‌వాడీలో ఇచ్చే ఛతువా, గుడ్డు పిల్లకే పెట్టండి, ఇంటిల్లిపాదీ పంచుకోవద్దు. రెండు పాదాలూ వాచిన పిల్లను, లేదా అయిదేళ్ల లోపుండి దండచుట్టు కొలత 11.5 సెంటీమీటర్లకు తగ్గిన పిల్లను వెంటనే పోషకాహార పునరావాస కేంద్రానికి తీసుకెళ్లాలి.

పొడి, సీసా గురించి నా మాట

నోట్లో పూత వల్ల మింగలేనివారికి, ఆకలి చచ్చిపోయినవారికి కొన్నాళ్లు పొడి పనికొస్తుంది. మిగతావారికి ఆ డబ్బుతో నెలంతా గుడ్లు వస్తాయి. నోటిపూతకు అసలు వైద్యం కూడా పొడి కాదు, ఫంగస్ మందు.

కొన్నిచోట్ల అల్బుమిన్ సీసా ఎక్కిస్తామంటారు. వేలల్లో ఖర్చు. లివరు బాగా చెడి పొట్టలోంచి ఎక్కువ నీరు తీసేటప్పుడు, ఇంకొన్ని అత్యవసరాల్లో దానికి స్థానముంది. కేవలం రిపోర్టులో అంకె పెంచడానికైతే లేదు, ఎక్కించింది కొద్దిరోజుల్లో మళ్లీ దిగిపోతుంది. ఏ జబ్బుకి ఎక్కిస్తున్నారో అడిగి తెలుసుకోండి.

మళ్లీ పరీక్ష, ఆసుపత్రికి పరుగు

కారణానికి వైద్యం మొదలయ్యాక నెలన్నర, రెండు నెలలకు ముందు అల్బుమిన్ మళ్లీ చూపించుకుంటే డబ్బు దండగే. ఈలోగా వారానికొకసారి ఒకే తూకం మీద, ఒకే పూట బరువు చూసుకుని పుస్తకంలో రాయండి. కాళ్ల వాపు తగ్గేటప్పుడు బరువు కూడా కాస్త తగ్గుతుంది, దానికి దిగులు పడకండి.

ఆయాసం, పొట్ట వేగంగా ఉబ్బడం, మూత్రం బాగా తగ్గిపోవడం, మనిషి మగతగా మాట తడబడటం, కళ్లు పచ్చబడటం, వదలని తలనొప్పితో జ్వరం: వీటిలో ఏదున్నా వచ్చే అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా అదే రోజు వెళ్లాలి.

సూరత్‌కో, సరిహద్దు దాటో వెళ్తున్నవారికి

గంజాం నుంచి సూరత్ మగ్గాలకు వెళ్లేవారు మందులు ఇక్కడ వదిలేసి పోవడమే ఎక్కువ నష్టం చేస్తోంది. వెళ్లే ముందే ఏఆర్టీ సెంటర్‌లో చెప్పండి. ఎక్కువ నెలల మాత్రలు ఇస్తారు, లేదా అక్కడి సెంటర్‌కు ట్రాన్స్‌ఫర్ రాస్తారు. తెలిసినవాళ్ల కంట పడతామన్న భయంతో ఇచ్ఛాపురం దాటి శ్రీకాకుళం వైపు మందులు తెచ్చుకునేవారికీ ఇదే వర్తిస్తుంది: ఏ రాష్ట్రంలో నమోదైనా పరవాలేదు, రెండు చోట్లా వేర్వేరుగా నమోదు కాకండి, పాత రిపోర్టులు ఒక సంచీలో వెంట ఉంచుకోండి. 2017 నాటి హెచ్ఐవీ, ఎయిడ్స్ చట్టం 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది, మీ అనుమతి లేకుండా మీ స్థితిని బయటపెట్టడం దాని ప్రకారం చట్టవిరుద్ధం. ఒడిశాలో మధుబాబు పెన్షన్ పథకం ఎయిడ్స్ రోగులకూ వర్తిస్తుంది. టీబీ కూడా ఉంటే నిక్షయ్ పోషణ్ యోజన కింద వైద్యం నడిచినన్నాళ్లూ తిండి కోసం నెలకు 1000 రూపాయలు బ్యాంకు ఖాతాలో పడతాయి. కాగితాలు ఎలా పెట్టాలో సెంటర్‌లోని కౌన్సెలర్‌ని అడగండి, లేదా పైసా ఖర్చు లేని 1097 నంబరుకు ఫోన్ చేయండి.